గ్లాసు మీద చెయ్యి

ఒనోమిచి
సెప్టెంబరు చివర

అక్కా,

ఇక్కడ ఉక్కపోత ఇంకా వదల్లేదు. మీ సకాతాలో ఈపాటికి సముద్రపు గాలికి తలుపులు కొట్టుకోవడం మొదలై ఉంటుంది. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ఫోనులో నువ్వు సగం మాట నాతోనూ సగం పెనం మీది చేపతోనూ మాట్లాడతావు. అందుకే ఉత్తరం.

మా మేడమీద గదిలో అద్దెకుంటున్న ఒలావ్ సంగతి ఇదివరకు రాశాను కదా. నార్వే మనిషి, చెక్క పడవలు చేసే వడ్రంగి, ఇక్కడి పడవల కార్ఖానాలో పని. మీ రేవులో పాత సరుకు పడవ ఒకటి బాగుచేస్తున్నారట. దాని కొలతలు తీసుకోవడానికి వచ్చే వారం వస్తున్నాడు. బస ఏదో సత్రంలో చూసుకున్నాడు. సాయంత్రాలు మాత్రం అతన్ని గదిలో ఒంటరిగా కూర్చోనివ్వకు. నీ కొట్టుకు రమ్మని నేనే చెప్పాను.

మన మాట బాగా అర్థమవుతుంది, మాట్లాడటమే కాస్త నిదానం. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉండి కూడా నీ కొట్టులాంటి ఇజకాయాలోకి, నలుగురూ తాగుతూ తింటూ కూర్చునే చోటుకి, ఒక్కడే అడుగుపెట్టడానికి జంకుతాడు. గుమ్మానికి వేలాడే గుడ్డ తొలగించి లోపలికి చూడగానే అందరూ తల తిప్పి చూస్తారట, మాటలు ఆగిపోతాయట, అక్కణ్ణించే వెనక్కి వచ్చేస్తాడట. "మా అక్క కొట్టులో అలా ఉండదు, అక్కడ అందరూ వాగుడుకాయలే" అని ధైర్యం చెప్పి పంపుతున్నాను.

తిండి దగ్గర పేచీ లేదు. పెట్టింది తింటాడు, మెతుకు మిగల్చడు. వచ్చిన కొత్తలో ఆ పాఠం నేర్పింది నేనే. మా ఇళ్ళలో పెట్టింది మిగిలిస్తే పెట్టిన వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు నాయనా అన్నాను. ఆ మాట పట్టుకుని ఇప్పటికీ గిన్నె అడుగు కనిపించేదాకా తింటాడు.

ఇంకో మాట కూడా రాద్దామని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వద్దులే. అది అతను చెప్పుకోవలసిన మాట. మన మనిషే అనుకుని చూసుకో.

కినుయే


సకాతా, హమానాసు కొట్టు నుంచి
అక్టోబరు

చెల్లీ,

గాలి మొదలైంది. నిన్న గుమ్మానికి కట్టిన గుడ్డ ఎగిరి పక్కవాళ్ళ సైకిల్ మీద పడింది. అయినా ఈ మధ్య నా మనసు బాగుంది, దానికి కారణం నీ పడవల వడ్రంగే.

వచ్చిన మొదటి సాయంత్రం లోపలికి వస్తూనే నుదురు గుమ్మానికి కొట్టుకున్నాడు. నువ్వు చెప్పినట్టే మాటలు ఆగిపోయాయి. అప్పుడు మన గెంజో గారు, అదే, చేపల పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరయిన ముసలాయన, "మా ఊరి గుమ్మాలు నీ కొలతకి కట్టలేదయ్యా. వంగి రా, వంగి" అన్నాడు. అంతే, కొట్టంతా నవ్వు. తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

నేను ముందుగా అడక్కుండా పెట్టే చిన్న గిన్నె పెట్టాను. ఆరోజు తీగల్లా తరిగి ఉప్పులో ఊరబెట్టిన పచ్చి స్క్విడ్. అతను దాన్ని చూసి, "నేను అడగలేదు" అన్నాడు. "అడిగితే ఇచ్చేది కాదిది. కూర్చున్నందుకు పెట్టేది" అన్నాను. ఆ పచ్చి వాసన మన ఊరివాళ్ళే కొందరు తట్టుకోలేరు. కళ్ళు మూసుకుని, ఒక్క తీగ కూడా మిగల్చకుండా తిన్నాడు. ఆ క్షణమే నాకు నచ్చాడు.

తాగడానికి ఏమిటంటే టీ అన్నాడు. గెంజో గారు వదులుతాడా. "టీ తాగడానికి అంత దూరం నుంచి రావాలా. ముందు గ్లాసులు తగలాలి, తరవాతే మాటలు" అన్నాడు. పాపం కొత్త చోటు, మొహమాటం. మొదటి గ్లాసు దాకానే ఆ మొహమాటమంతా. తరవాత చూడాలి. మేం నింపుతున్నాం, అతను ఖాళీ చేస్తున్నాడు, మళ్ళీ నింపుతున్నాం. బీరయింది, సాకేలోకి దిగాం. వాళ్ళ ఊరి తెడ్డుపాట పాడాడు. గెంజో గారు బల్ల మీద దరువేశాడు. మీ బావ పోయాక ఈ కొట్టులో అంత నవ్వు వినడం ఇదే.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడు నేను ఇంకా కొట్టు తెరిచి గుడ్డ కట్టకముందే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నీ మనిషి నా మనిషి అయిపోయాడు చూసుకో. ఇంకెవరైనా ఉంటే ఇలాంటి వాళ్ళనే పంపు.

తాజుకో


ఒనోమిచి
అక్టోబరు

అక్కా,

ఉత్తరం అందింది.

ఒలావ్ తిరిగివచ్చాడు. జలుబు చేసిందని చెప్పి గదిలోంచి బయటికి రావడం లేదు. కార్ఖానా నుంచి మనిషిని పంపారు. తలుపు తీయలేదు.

నాకు రెండు సంగతులు సూటిగా రాయి. అతను ఆ మూడు సాయంత్రాలూ తాగాడా. మొదటి గ్లాసు ఎవరు పోశారు.

కినుయే


సకాతా
అక్టోబరు

కినుయేకి,

సూటిగా రాయమన్నావు, రాస్తున్నాను. తాగాడు. మూడు సాయంత్రాలూ తాగాడు. మొదటి గ్లాసు గెంజో గారు పోశాడు. ఇందులో నేరమేముందో నాకు తెలియదు. నా కొట్టు గుడి కాదు, ఆసుపత్రి కాదు. పెళ్ళయి ఈ బల్ల వెనక్కి వచ్చిన రోజు నుంచీ నాకు తెలిసిన మర్యాద ఒక్కటే. పక్కవాడి గ్లాసు ఖాళీగా కనిపిస్తే నింపాలి. ఎవడి గ్లాసు వాడు నింపుకునే పరిస్థితి రానివ్వకూడదు. చాలనుకున్నవాడు గ్లాసు నిండుగా వదిలేస్తాడు, ఇంకెవరూ ముట్టుకోరు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. అతను ఒక్కసారైనా నిండుగా వదిలాడా. పోయడం ఆలస్యం, ఖాళీ. పోయడం ఆలస్యం, ఖాళీ. ఇంకా కావాలి అన్నట్టే కదా మాకు.

జలుబు చేస్తే అల్లం వేసి గంజి కాచి పెట్టు. పోలీసులా నన్ను ప్రశ్నలు అడగకు. బంగారంలాంటి మనిషిని పంపావని నేను రాస్తే, నువ్వు నాలుగు ముక్కలు గీకి పడేశావు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. మనసులో ఉన్నది చెప్పవు, ఎదుటివాళ్ళే కనిపెట్టాలి.

తాజుకో


ఒనోమిచి
నవంబరు మొదట్లో

అక్కా,

నువ్వన్న ఆ చివరి మాట నిజం. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, చెప్పవలసిన వేళ దాటిపోయాక.

ఒలావ్ తాగుబోతు. ఆ మాట అతనే వాడతాడు, నేను కాదు. తాగుడు వల్లే అక్కడ ఇల్లు పోయింది, భార్య వెళ్ళిపోయింది. సిగ్రిద్ అని కూతురుంది. ఆ పిల్ల తండ్రి మొహం చూడనని భీష్మించుకుని కూర్చుంది. ఇక్కడికి వచ్చాక మానేశాడు. పక్క ఊరు ఫుకుయామాలో తాగుడు మానేసిన వాళ్ళంతా కలిసి కూర్చునే చోటొకటి ఉంది, వారం వారం వెళ్ళేవాడు. ఇన్నేళ్ళుగా చుక్క ముట్టలేదని తెలిసి, ఆ పిల్ల పోయిన వేసవిలో మొట్టమొదటిసారి ఫోను చేసింది. వసంతంలో వస్తానంది. అతను ఆ గదికి కొత్త చాపలు వేయించాడు. కిటికీకి నీలం పరదా తనే కుట్టాడు, వంకరగా.

నీ ఊరి నుంచి వచ్చిన మర్నాడే ఆ పిల్లకి ఫోను చేసి రావద్దని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. ఆ రాత్రి మేడమెట్ల మీద సీసా దొర్లిన చప్పుడు వినిపించింది.

నేను నీకు ముందే ఎందుకు రాయలేదో తెలుసా. ఊరు మారినప్పుడైనా అతను మామూలు మనిషిలా కూర్చోవాలనుకున్నాను. నీకు రాస్తే నువ్వు గెంజో గారికి చెబుతావు, గెంజో గారు బల్లంతటికీ చెబుతాడు, అందరూ జాలిగా చూస్తారు. అతని పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆ రోజు ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

ఇంకోటి ఉంది, అదింకా గట్టిగా గుచ్చుకుంటోంది. ఎందుకు ఖాళీ చేస్తూ పోయావయ్యా అని తలుపు బయట నిలబడి అడిగాను. లోపలి నుంచే చెప్పాడు. "పెట్టింది మిగల్చకూడదని మీరే కదా చెప్పారు. మీ అక్కగారి చేతి మీదుగా వచ్చింది అది." అన్నానికి చెప్పిన పాఠం అక్కా. అన్నం వేరు, గ్లాసు వేరు అని నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో మందు గ్లాసే లేదు కనక ఆ అవసరమే రాలేదు.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టాను ఈ ఉత్తరం. చివరికి వచ్చేసరికి ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు.

కినుయే


సకాతా
నవంబరు

చెల్లీ,

నీ ఉత్తరం చదివి కొట్టు మూసేశాను. గుమ్మం మీద ఒంట్లో బాగులేదని కాగితం అంటించాను. అబద్ధం కూడా కాదు.

ఇన్ని రోజులు పట్టింది ఇది రాయడానికి. మొదటి గ్లాసు గెంజో గారు పోశాడని రాశాను. పోసింది ఆయనే. కానీ ఆయన పోయడానికి సీసా వంచినప్పుడు ఒలావ్ తన గ్లాసు మీద అరచెయ్యి బోర్లించాడు. ఏమీ అనలేదు, చిన్నగా నవ్వుతూనే ఉన్నాడు. గెంజో గారు సీసా అలాగే పట్టుకుని నావైపు చూశాడు, ఏం చేద్దాం అన్నట్టు. కొట్టంతా నావైపు చూసింది. నేను బల్ల మీదుగా వంగి, అతని చెయ్యి పట్టుకుని, పసిపిల్లాడి గుప్పిట్లోంచి కత్తెర లాక్కున్నట్టు వేళ్ళు విడదీసి పక్కన పెట్టాను. "మా కొట్టులో సిగ్గుపడితే కుదరదు బాబూ" అన్నాను. అందరూ నవ్వారు. గెంజో గారు పోశాడు.

ఇది మొదటి ఉత్తరంలో రాయలేదు, అప్పుడు రాయదగ్గ సంగతి అనిపించలేదు. రెండో ఉత్తరంలో రాయలేదు, అప్పటికి అనిపించింది కాబట్టి.

మొహమాటానికి పెట్టిన చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు. వేలితో తాకితే చాలు, లేస్తుంది. లేవడానికే పెడతారు దాన్ని. అతని చెయ్యి అలా లేదు. చల్లగా ఉంది, బిగుసుకుపోయి ఉంది. అది వేరే రకం చెయ్యని నా వేళ్ళకి ఆ క్షణమే తెలిసింది కినుయే. తెలిసీ తీశాను. ఎందుకంటే కొట్టులో చాలాకాలానికి నవ్వు పుట్టింది, అది నా చేతిలో ఆగిపోతుందని భయం వేసింది. మీ బావ ఉన్న రోజుల్లోలా అనిపించింది ఆ కాసేపు. ఆ కాసేపటి కోసం.

గెంజో గారికి చెప్పాను. ఆయన తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. తరవాత, "నేను ఆగాను కదా తాజుకో. నువ్వు తీశావు కాబట్టి పోశాను" అన్నాడు. కోపంగా అనలేదు, తనని తాను వెతుక్కుంటున్నట్టు అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "అయినా పోసింది నేనే" అన్నాడు.

ఏం చెయ్యాలో చెప్పు. క్షమించమని అతనికి రాయనా. ఆ పిల్లకి రాయనా, మీ నాన్న తప్పు కాదని. నాకు ఆ హక్కు ఉందో లేదో తెలియదు.

తాజుకో


ఒనోమిచి
నవంబరు చివర

అక్కా,

నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం చదివాక కొన్నాళ్ళు నీ చేతిరాత చూడాలంటేనే ఒళ్ళు మండింది. తరవాత గుర్తొచ్చింది, కలం పట్టుకుని రాయకుండా ఆగిన చెయ్యి నాది. ఇద్దరం ఒకే తల్లి బిడ్డలం.

ఒలావ్ ఇప్పుడు కిందికి వస్తున్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఫుకుయామాకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ కొత్తవాళ్ళతో పాటు ముందువరసలో కూర్చోబెట్టారట, మళ్ళీ మొదటి నుంచి అన్నమాట. "ఎర్ర కుర్చీ అది. మెత్తగా ఉంటుంది" అన్నాడు. అతను అలా నవ్వేసరికి నాకు కాస్త ఊపిరి ఆడింది.

నువ్వు రాసిందంతా అతనికి చెప్పాను. దాచడం ఇక నా వల్ల కాదు. పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ విన్నాడు. "ఆమె చెయ్యి తీసింది. అవును. తాగింది నా నోరు" అన్నాడు. మళ్ళీ తనే, "మూడో సాయంత్రం నన్నెవరూ పిలవలేదు. నేనే ముందు వెళ్ళి నిలబడ్డాను" అన్నాడు. నిన్ను వదిలేయడానికి అన్న మాటలా లేదు అది, నిన్ను దోషిగా నిలబెట్టడానికి అన్నట్టూ లేదు. తన భాగం తను తీసుకున్నాడు, అంతే. నీ భాగం నీ దగ్గరే ఉంది, నా భాగం నా దగ్గర ఉంది.

సిగ్రిద్‌కి నువ్వు రాయవద్దు. అతనే ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఆ పిల్ల ఏమీ అనలేదట. ఫోను పెట్టేయలేదు కూడా. వస్తానని అనలేదు, రానని అనలేదు. నీలం పరదా ఇంకా కిటికీకే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజుల్లో అతను తీసుకున్న కొలతలన్నీ తప్పులట. ఒక పక్క చెక్కకీ రెండో పక్క చెక్కకీ పొంతన లేదు. మళ్ళీ సకాతా రావాలి. డిసెంబరులో వస్తాడు. నీ కొట్టుకు వస్తానంటున్నాడు. వద్దన్నాను. "ఆ గుమ్మం చూసి వెనక్కి వచ్చేస్తే ఇక అన్ని గుమ్మాలూ అంతే" అన్నాడు. ఈసారి ఏదీ మిగల్చకుండా ముందే రాస్తున్నాను. అతను తాగకూడదు. ఒక్క గ్లాసు కూడా, తగిలించడానికి కూడా, వంటలో కూడా. వింటున్నావా అక్కా.

కినుయే


సకాతా
డిసెంబరు

చెల్లీ,

మంచు పడుతోంది, గాలికి అడ్డంగా పడుతోంది. హతహతా చేపలు వచ్చాయి, ఈ ఏడు గుడ్లు బాగా నిండి ఉన్నాయి.

ఒలావ్ వచ్చాడు.

వస్తాడని తెలిసి గెంజో గారు ముందు రోజు, "ఏ మొహం పెట్టుకుని కూర్చోను అతని పక్కన. నేను రాను" అన్నాడు. తీరా సాయంత్రం అందరికంటే ముందొచ్చి తన చోటులో కూర్చున్నాడు. సీసా వద్దన్నాడు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు. నేను పులుసుల్లో పోసే సాకే కూడా ఆరోజు పొయ్యి దగ్గర నుంచి తీసేశాను. కూర రుచి చెడింది, అయినా అందరూ తిన్నారు.

గుమ్మానికి కట్టిన గుడ్డ కదిలింది. అందరం తల తిప్పాం. మాటలు ఆగిపోయాయి. అతనికి భయం పుట్టించేది సరిగ్గా అదేనని నాకు తెలుసు, అయినా నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు గెంజో గారే, "తల చూసుకో నాయనా. గుమ్మం ఇంకా పెంచలేదు" అన్నాడు. అతను వంగి లోపలికి వచ్చాడు. చిక్కిపోయాడు కినుయే. నువ్వు రాయలేదు.

చిన్న గిన్నె పెట్టాను. పెద్ద గ్లాసులో బార్లీ టీ అంచు దాకా పోసి ముందు పెట్టాను. ఆ రోజు ఇంత చిన్న పని చేసి ఉంటే చాలు కదా అనుకున్నాను. నిండు గ్లాసు జోలికి ఎవరూ వెళ్ళరు. క్షమించమని చెప్పడానికి ఎన్నో రోజులుగా మాటలు కూర్చుకున్నాను. "ఆ రోజు నేను" అనేసరికి, అతను చేప వైపు చూపించి, "మాడిపోతోంది అమ్మగారూ" అన్నాడు. నిజంగానే మాడుతోంది. తిప్పడానికి వెళ్ళాను. వచ్చేసరికి గెంజో గారు అతని ముందు తల వంచి ఉన్నాడు, ముక్కు బల్లకి తగిలేటంత. అతను ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, ఎవర్నీ అడగలేదు.

తరవాత మెల్లగా మాటలు వచ్చాయి. చేప గుడ్లు పళ్ళ కింద పటపటమంటుంటే అతనికి ఆశ్చర్యం. ఈసారి కొలతలు కుదిరాయట. గెంజో గారికి పడవ బొమ్మ గీసి చూపించాడు. ఇద్దరూ అడుగు చెక్క గురించి వాదించుకున్నారు. ఎవరో ఏదో అంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా మనసు కుదుటపడింది, అదే కొంప ముంచింది.

కంటి చివర ఖాళీ గ్లాసు కనిపించింది. అంతే, నేను చూసింది అంతే. నవ్వుతూనే పక్కవాళ్ళు తాగుతున్న సాకే సీసా తీసుకున్నాను, అటు తిరిగాను, వంచాను. ఇన్నేళ్ళుగా చేస్తున్న చెయ్యి, నన్ను అడగలేదు. కొట్టంతా చప్పబడిపోయింది. గెంజో గారు "తాజుకో" అన్నాడు. ఆ పిలుపుకి కిందికి చూశాను. గ్లాసు మీద అరచెయ్యి ఉంది. అదే చెయ్యి, వేళ్ళు బిగించి, గోళ్ళు తెల్లబడి. ఈసారి అతను నవ్వడం లేదు. నా మొహంలోకే చూస్తున్నాడు.

ఇంత జరిగాక, ఇన్ని రాత్రులు నిద్ర మానుకున్నాక, మళ్ళీ నేనే. నువ్వు కేకలేస్తావని తెలిసీ రాస్తున్నాను, ఏదీ మిగల్చకూడదని నువ్వే అన్నావు కాబట్టి.

సీసా తీసుకెళ్ళి వెనక అరలో పెట్టి తలుపు వేశాను. టీ కెటిల్ తెచ్చి, మూత తీసి, లోపలున్నది ఏమిటో అతనికి చూపించాను. అతని చెయ్యి నేను ముట్టుకోలేదు. పొయ్యలేదు కూడా. తనంతట తను తీసేదాకా కెటిల్ పట్టుకుని బల్ల ఇవతల అలాగే నిలబడ్డాను.

చాలాసేపు తీయలేదు కినుయే.

తాజుకో